మూడో సీసా

పోర్ట్ క్లాంగ్
4 మార్చి 2025

అమ్మా తివ్యా,

నువ్వు కపిట్ ఊరు దాటి నది మీదుగా పైకి, ఆ క్లినిక్ ఉద్యోగానికి వెళ్లి ఆరు వారాలయింది. కొండ విరిగిపడి ఫోన్ టవర్ కూలిందనీ, ఇంకా నిలబెట్టలేదనీ నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఈ రోజుల్లో కూడా పోస్టుమాన్ మోటార్‌సైకిల్ చప్పుడు కోసం గేటు దగ్గర నిలబడాల్సి వస్తుందని అనుకోలేదు. నువ్వు కోడలిగా వచ్చిన కొత్తలో వంటింటి బల్ల మీద బైబిలు తెరిచి నీకు తెలుగు అక్షరాలు నేర్పాను. ఇవి ఎక్కడ పనికొస్తాయని జోషువా ఇద్దర్నీ ఆటపట్టించేవాడు. ఇప్పుడు పనికొచ్చాయి. రెండు చోట్ల ‘ళ’కు బదులు ‘ల’ రాశావు. మిగతాదంతా బాగుంది.

ఇక్కడొక తప్పు జరిగింది. నా వల్లే జరిగింది.

ఆదివారం చర్చికి వెళ్లే ముందు పాము పెట్టెలో బూలన్‌కు నీళ్లు మార్చాను. మూతకు గొళ్లెం పెట్టడం మరిచాను. తిరిగొచ్చేసరికి పెట్టె ఖాళీ. జోషువా పోతూ మన చేతుల్లో పెట్టిన ప్రాణం అదొక్కటే. దాన్ని కూడా పోగొట్టానని ఇల్లంతా తలకిందులు చేశాను. రెండు గంటలు వెతికాక వాషింగ్ మెషిన్ వెనక, గోడ మూలలో ఇరుక్కుని కనిపించింది. మెషిన్ నేనొక్కణ్నే ఎత్తి పక్కకు జరిపి దాన్ని బయటికి తీశాను. వెనక రేకు అంచు గీసుకుని దాని ఎడమ పక్కన, మెడకు జానెడు కింద, మూడు వేళ్ల వెడల్పున పొలుసులు లేచిపోయాయి. రెండు చిన్న కోతలున్నాయి. రక్తం కొంచెమే వచ్చింది.

పక్కింటి గుణవతి లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి, "పసుపూ కొబ్బరినూనే రాసేయి అన్నా. మన పిల్లలకి అదే గదా సేసినాం" అంది. రాశాను. మంచిదో కాదో తెలియదు. పాము చెప్పదు కదా. తల లోపల పెట్టుకుని చుట్టుకుని పడుకుంది. దగ్గర్లో ఉన్న ఇద్దరు వెటర్నరీ డాక్టర్లకూ ఫోన్ చేశాను. కుక్కల్నీ పిల్లుల్నీ తప్ప చూడరట.

నువ్వు నర్సువి. జోషువా దానికి ఏం చేసినా పక్కనే ఉండి చూసినదానివి. ఏం చెయ్యాలో వెంటనే రాయి. ఈ ఉత్తరం నీకు చేరేసరికి పది రోజులవుతుంది. ఆ పది రోజులూ ఎలా గడుస్తాయో నాకు తెలియడం లేదు.

మీ మామ,
లారెన్స్

*

క్లినిక్ నుంచి
14 మార్చి 2025

మామయ్యకు నమస్కారం.

మీ ఉత్తరం ఈ రోజు మందుల పడవలో వచ్చింది. పడవ మధ్యాహ్నం తిరిగి వెళ్తుంది. అందుకే బయట రోగుల్ని కూర్చోబెట్టి రాస్తున్నాను.

పసుపు, నూనె ఇక రాయకండి. నూనెకు దుమ్మూ పొట్టూ అంటుకుని గాయం మురికి పడుతుంది. స్పిరిట్ అసలు వద్దు. ముందు పెట్టెలో ఉన్న చెక్కపొట్టు అంతా తీసేసి, వంటింట్లో వాడే తెల్ల కాగితం పరవండి. తడిసిన కాగితం రోజూ మార్చండి. మందుల షాపులో అయోడిన్ సీసా అడగండి. కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం కలపండి, పాలు లేని పలచటి టీ రంగు వచ్చేవరకు చాలు. అందులో గాజుగుడ్డ ముంచి గాయం మీద అద్దండి. రుద్దకండి. పొలుసుల వరస ఎటు ఉందో అటే తుడవండి. ఆరాక యాంటిబయాటిక్ ఆయింట్‌మెంట్ పలచగా, కనిపించీ కనిపించనట్టు రాయండి. నొప్పి తెలియకుండా చేసే మందు కలిసినది మాత్రం వద్దు, అది పాములకు విషం. పెట్టె అడుగున పెట్టిన హీటర్ వేడి తగ్గకూడదు. పది రోజులు ఎలుక పెట్టకండి, ఆకలేసినా ఏమీ కాదు. ఊరికే చేతుల్లోకి తీసుకోకండి. ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోండి.

గాయం చుట్టూ వాచినా, వాసన వచ్చినా, చీము గట్టిపడి గడ్డలా కనిపించినా ఇంట్లో చూసుకునే పని కాదు. అప్పుడు జోషువా స్నేహితుడు శర్విన్‌కు ఫోన్ చేయండి. సైబర్‌జయలో ఉంటాడు. కారుంది, పాములకు లైసెన్సూ ఉంది. వాటిని చూసే డాక్టరూ తెలుసు. అసలు మీకు కష్టంగా ఉంటే బూలన్‌ను అతనికే ఇచ్చేయండి. నేనేమీ అనుకోను.

ఊరంతా ఒకే కప్పు కింద ఉండే ఇక్కడి పొడుగు ఇళ్లలో వాళ్లకు నేను పామును పెంచానంటే నవ్వు. ఒక అవ్వ, ఎప్పుడు వండుతావు అని అడిగింది.

మీ షుగర్ ఎంత ఉంటోంది? పోయినసారి అడిగితే జవాబు రాయలేదు.

తివ్య

*

పోర్ట్ క్లాంగ్
25 మార్చి 2025

తివ్యకు,

నీ ఉత్తరం ఈసారి నాలుగు రోజులకే అందింది. అందులో రాసినట్టే చేస్తున్నాను. కాగితం పరిచాను. పొద్దునా సాయంత్రం అయోడిన్ నీళ్లతో అద్దుతున్నాను. మొదటి సీసా నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇప్పుడు మూడోది తెరిచాను. షాపు అమ్మాయికి నా ముఖం గుర్తుండిపోయింది. బూలన్ కోతల్లో ఒకటి మూసుకుంది. రెండోది ఎండి నల్లబడింది. వాపు లేదు, వాసన లేదు. మందు అద్దుతుంటే నా మణికట్టుకు చుట్టుకుని కదలకుండా ఉంటుంది. ఇంత నెమ్మది జంతువని నాకు ముందు తెలియదు. జోషువా ఉన్నప్పుడు నేను ఆ గదిలోకే వెళ్లేవాణ్ని కాదు.

శర్విన్‌కు ఇవ్వమన్నావు. ఆ ఒక్క మాట చాలాసార్లు చదువుకున్నాను. నీకు బరువు అనిపిస్తే అనిపించవచ్చు. తప్పు లేదు. నీ వయసు ముప్పై ఒకటి. ఇపోలో మీ అమ్మ శివగామి గారు నీకు సంబంధం చూస్తున్నారని గుణవతి ఎవరి దగ్గరో విన్నదట. నువ్వే చెప్పి ఉంటే సంతోషించేవాణ్ని. పాత ఇంటి వస్తువులు ఒక్కొక్కటీ ఎవరికో ఒకరికి అప్పగించాకే మనిషి ముందుకు వెళ్తాడు. నాకు అర్థమవుతుంది. కానీ బూలన్‌ను నేను ఎవరికీ ఇవ్వను. ఇది నా ఇంట్లోనే ఉంటుంది.

షుగర్ ఎప్పటిలాగే ఉంది. ఫ్యాన్ గాలికి కాగితం ఎగురుతోంది, అందుకే రాత వంకరగా వస్తోంది. పాస్టర్ గారు రెండు ఆదివారాలుగా ఇంటికే వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్తున్నారు. ఉపవాస నెల కదా, సాయంత్రాలు వీధి చివర తినుబండారాల సంతకు జనం విరగబడుతున్నారు. నేను వెళ్లలేదు.

నీ ఆరోగ్యం చూసుకో.

లారెన్స్

*

పోర్ట్ క్లాంగ్
2 ఏప్రిల్ 2025

తివ్యకు,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఉపవాసాలు ముగిసి రాయా పండుగకు పోస్టాఫీసు రెండు రోజులు మూసేశారు. లేకపోతే ఇంకా ముందే పంపేవాణ్ని.

బూలన్ కళ్లు పాలరంగుకు తిరిగాయి. కుబుసం విడిచే ముందు ఇలాగే అవుతుందని జోషువా చెప్పేవాడు. గాయం ఉన్న చోట చర్మం ఊడకుండా పట్టేస్తుందేమోనని భయంగా ఉంది.

దాని లైసెన్సు కాగితం బీరువాలో, నీలం ఫైలులో ఉంది. ఇప్పుడు నా పేరు మీద ఉంది. దాన్ని నీ పేరుకో, నువ్వు చెప్పినట్టు శర్విన్ పేరుకో మార్చడానికి ఏం చెయ్యాలో కనుక్కో. ఇల్లు చర్చికి చెందేలా రాయించాలా, వద్దా అని కూడా ఆలోచిస్తున్నాను. తొందరేమీ లేదు. మతిమరుపు వస్తోంది కాబట్టి గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది. ఎండలు ఎక్కువ.

లారెన్స్

*

క్లినిక్ నుంచి
4 ఏప్రిల్ 2025

మామయ్యా,

మీ మార్చి 25 ఉత్తరం ఇప్పుడే చదివాను. ముందు మీకు నొప్పి కలిగించిన మాట గురించి చెప్తాను.

బూలన్ నాకు బరువు కాదు. అంత్యక్రియల మర్నాడు ఆ పెట్టె మీద దుప్పటి కప్పి, దీన్ని చూస్తే వాడు గుర్తొస్తాడు, చూడలేనని మీరే అన్నారు. ఇన్నాళ్లూ నా కోసమే దాన్ని భరిస్తున్నారనుకున్నాను. అందుకే అలా రాశాను. ఇక సంబంధం సంగతి. అమ్మ ఒకరి గురించి చెప్పింది నిజమే. నేను అవుననలేదు, కాదనలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అది గుణవతి అక్క దగ్గర మీరు వినే అవసరం ఉండదు. ముందు మీకే రాస్తాను.

ఇప్పుడు మీరు జవాబు చెప్పండి.

మూడు వేళ్ల గాయానికి రోజుకు రెండుసార్లు అద్దినా ఒక్క సీసా నెలల తరబడి వస్తుంది. మీరు వారం రోజుల్లో మూడో సీసా తెరిచారు. మీ అక్షరాలు వరస తప్పి కిందికి జారాయి. ఫ్యాన్ గాలికి కాగితం ఎగురుతుంది కానీ అక్షరం జారదు. మీరు పడుకుని రాశారు. వీధి చివరి దాకా నడవలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క ఆదివారం మానని మనిషికి పాస్టర్ గారు ఇంటికొచ్చి ప్రభు భోజనం ఇస్తున్నారు. మెషిన్ ఒక్కరే ఎత్తి జరిపానని రాశారు. అప్పుడు మీ కాళ్లకు చెప్పులున్నాయా?

దెబ్బ కాలికా మామయ్యా? పాము మందు మీ కాలికి పోసుకుంటున్నారా?

నొప్పి లేదు కదా అని ఊరుకుంటే అది ఇంకా ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తెలియదు. ఇక్కడ నెలకు ఇద్దర్ని చూస్తున్నాను. ఈ ఉత్తరం చదివిన వెంటనే ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లండి. రేపు కాదు. గుణవతి అక్కను వెంట తీసుకెళ్లండి.

జోషువా కూడా, "ఏటీ లేదు తివ్యా, ఉత్త జొరమే. నీ డ్యూటీ నువ్వు సూసుకో" అన్నాడు. నేను నాలుగు రోజులు ఆ మాట నమ్మాను. వార్డులో పరాయివాళ్ల డెంగీ జ్వరాలకు రక్తం తీస్తూ ఉన్నాను. ఐదో రోజు నాకు తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మీ ఇంట్లో ఆ మాట ఇంకోసారి వినను.

తివ్య

*

కపిట్
11 ఏప్రిల్ 2025

మామయ్యా,

ఈ పొద్దున పడవలో మీ 2వ తేదీ ఉత్తరం వచ్చింది. లైసెన్సు, ఇల్లు, ఒళ్లు వెచ్చగా ఉండటం. చదివి అదే పడవ ఎక్కాను. నా దగ్గర పనిచేసే ఆమెకు తాళాలు ఇచ్చి, రేపు మధ్యాహ్నానికి వస్తానని చెప్పాను. నాలుగు గంటల ప్రయాణంలో మీ ఉత్తరం మడతలు చిరిగిపోయాయి.

కపిట్ రేవులో సిగ్నల్ రాగానే మీ ఫోన్ మోగించాను. తియ్యలేదు. పదకొండు సార్లు మోగించాను. తర్వాత గుణవతి అక్కకు చేశాను. ఆమె తీసింది. ఏడుస్తోంది. ఆ కాసేపట్లో నేను అన్నీ అయిపోయాయనుకున్నాను. రేవు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరో నీళ్లిచ్చారు.

తర్వాత ఆమె చెప్పింది. మంగళవారం మీరు గేటు దగ్గర పడిపోయారనీ, పాస్టర్ గారి వ్యాన్‌లో తీసుకెళ్లారనీ, బుధవారం కుడి కాలి రెండు వేళ్లు తీసేశారనీ. జ్వరం తగ్గిందట. మాట్లాడుతున్నారట. వార్డుకు ఫోన్ చేసి నర్సుతోనూ మాట్లాడాను. మీరు నిద్రలో ఉన్నారంది. లేపవద్దన్నాను.

నేను రాలేను. ఇది రాయడానికి అరగంట పట్టింది. కవలలు కడుపులో ఉన్న ఒక అమ్మాయికి ఏ రోజైనా నొప్పులు రావచ్చు. ఒక బిడ్డ అడ్డంగా ఉంది. కిందికి, పెద్దాసుపత్రికి రమ్మంటే వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. ఆ పై ఊళ్లకంతా శిక్షణ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నా బదులు ఇంకొకరిని జూన్ మొదట్లో వచ్చే ఇక్కడి కోతల పండుగ, గవాయ్, అయ్యాకే పంపుతామన్నారు. విమానం టికెట్ దాకా చూశాను. చూసి ఫోన్ మూసేశాను. రేపు పొద్దున పడవలో వెనక్కి వెళ్తున్నాను.

నా 4వ తేదీ ఉత్తరం మీరు ఇంట్లో లేనప్పుడు వస్తుంది. అందులో కోపంగా రాశాను. ఆ కోపం అలాగే ఉంది. అయినా చదవండి.

తివ్య

*

పోర్ట్ క్లాంగ్
22 ఏప్రిల్ 2025

అమ్మా తివ్యా,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిది గుణవతి ఆసుపత్రికి తెచ్చి ఇచ్చింది. ఆమెకు తెలుగు చదవడం రాదు, "ఏటి రాసినాది?" అని మంచం పక్కన నిలబడింది. తిట్టిందని చెప్పాను. "మంచి పని సేసినాది" అని వెళ్లిపోయింది.

శనివారం ఇంటికి పంపారు. ఈస్టర్ రోజు మంచంలోనే ఉన్నాను. ఇక ఏదీ దాచను. కవలల అమ్మాయికి ఏమయిందో నువ్వూ దాచకు. ప్రతిరోజూ ప్రార్థనలో ఆ పిల్లను తలుచుకుంటున్నాను.

మెషిన్ ఎత్తి జరిపేటప్పుడు అది జారి నా కుడి పాదం మీద పడింది. రేకు అంచుకు కోసుకుపోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియనే తెలియదు. బూలన్‌ను పెట్టెలో పెట్టి వెనక్కి తిరిగితే నేల మీద ఎర్రటి అడుగులు కనిపించాయి. ఎవరివా అని చూశాను. నావే. నొప్పి లేదు కాబట్టి చిన్నదే అనుకున్నాను. నువ్వు రాసిన మందు తెచ్చాక ముందు బూలన్‌కు అద్ది, మిగిలిన నీళ్లలో కాలు పెట్టుకునేవాణ్ని. తర్వాత నా కోసం విడిగా గిన్నెడు కలిపేవాణ్ని. దానికి కాగితం రోజూ మార్చాను. వాపు ఉందా, వాసన ఉందా అని టార్చి వేసి చూశాను. నా కాలికి మేజోడు వేసి కప్పేశాను. వాసన వచ్చింది తివ్యా. వచ్చిన రోజు నాకు తెలిసింది. అప్పటికి నీకు శర్విన్ గురించి జవాబు రాసి పంపేశాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఒకటి భయం. మా అన్న గిడియన్‌కు కాలు మోకాలిదాకా తీసిన ఆసుపత్రి అదే. ఇంకొకటి రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు వెళ్లిన మొదటి నెలలో నాకు ఒక్క ఉత్తరం వచ్చింది. బూలన్‌కు గాయమయిందని రాశాక రెండు పేజీలు రాశావు, షుగర్ అడిగావు, అవ్వ కబురు చెప్పావు. అది నయమైపోతే నీకు రాయడానికి నా దగ్గర ఏముంటుంది అనుకున్నాను. నా కాలి గురించి రాస్తే నువ్వు జాలితో వస్తావు. జోషువా లేనప్పుడు నిన్ను పిలిచే హక్కు నాకెక్కడిది? ఆ ఆలోచనలోనే నెల గడిపేశాను.

ఆసుపత్రిలో మొదటి పూట డాక్టరు, రోజూ మందు పెడుతున్న కాలు ఇంతగా ఎలా పాడైందని అడిగాడు. పాముకు బాగానే తగ్గిందని చెప్పాను. జ్వరంలో మాట్లాడుతున్నానని ఆయన రాసుకున్నాడు.

బూలన్ సంగతి. నేను లేని పన్నెండు రోజులూ గుణవతి చూసింది. పెట్టె దగ్గరికి కూడా రాని మనిషి. ఆసుపత్రి నుంచి ఫోన్‌లో నేను చెప్తుంటే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, కళ్లు సగం మూసుకుని కాగితం మార్చేదట. కుబుసం విడిచినప్పుడు గాయం దగ్గర ఒక పట్టీ అంటుకుని ఉండిపోయింది. లాగవద్దన్నాను. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో అరగంట ఉంచమన్నాను. ఆమె ఆ అరగంటా తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని దానితో తమిళంలో మాట్లాడిందట. ఏం మాట్లాడావంటే చెప్పదు. పట్టీ దానంతటదే ఊడి వచ్చింది. కింద కొత్త పొలుసులు కొంచెం వంకరగా ఉన్నాయి కానీ మూసుకున్నాయి. నిన్న చిన్న ఎలుకను తిన్నది.

నా కాలి గాయం ఇంకా తెరుచుకునే ఉంది. రోజు విడిచి రోజు క్లినిక్ నర్సు వచ్చి కట్టు మారుస్తుంది. ఇంకో వేలు రంగు మీద ఆమెకు అనుమానంగా ఉంది. వచ్చే వారం చూస్తామన్నారు. రాత్రిళ్లు దుప్పటి తీసి దాన్ని చూడకుండా ఉండలేకపోతున్నాను.

ఒక మాట అడగాలి. చేర్చుకునే రోజు ఫారంలో దగ్గర బంధువు అని ఒక గడి ఉంది. భార్య పేరు రాయబోయాను, డోరతీ పోయి తొమ్మిదేళ్లు. కొడుకు పేరు రాయబోయాను. ఖాళీగా ఇచ్చేశాను. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఆ గడిలో నీ పేరుంది. ఎవరు రాశారని అడిగితే అక్కడ ఎవరికీ తెలియదు.

నీ జవాబు కోసం చూస్తూ,
మామ

*

క్లినిక్ నుంచి
2 మే 2025

మామయ్యకు,

కవలలు పుట్టారు. ఏప్రిల్ 19 పొద్దున. మొదటిది ఇక్కడే పుట్టింది. అడ్డంగా ఉన్నదానికి నా చెయ్యి సరిపోదని తెలిసి, తల్లిని చాప మీద పడుకోబెట్టి, వాళ్ల నాన్న పడవలోనే కిందికి తీసుకెళ్లాం. ఆయన దారంతా నన్ను చూడలేదు. కపిట్ ఆసుపత్రిలో రెండోది ఆపరేషన్‌తో వచ్చింది. ఇద్దరూ ఆడపిల్లలు. ముగ్గురూ బాగున్నారు. మీ ప్రార్థన సంగతి వాళ్లకు చెప్పాను.

మీ ఉత్తరం చదివి బయటికి వెళ్లి కాసేపు నది దగ్గర నిలబడ్డాను. జాలితో వస్తానని భయపడ్డారా? మొదటి నెల ఒక్క ఉత్తరమే రాసింది మీకు రాయడం ఇష్టం లేక కాదు. కాగితం తీసుకుంటే ఆ ఇల్లే రాయాల్సి వచ్చేది. జోషువా చెప్పులు ఇంకా గుమ్మం దగ్గర ఉన్నాయా అని అడగాలనిపించేది. అడగలేక మానేశాను. మీరు గాయం గురించి రాశాక నాకు చెయ్యడానికి ఒక పని దొరికింది. అంతే జరిగింది, మన ఇద్దరికీ.

ఇకనుంచి ఇలా చేయండి. కట్టు మార్చే రోజు నర్సును గాయం కొలవమనండి. పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో నాకు రాయండి. అనుమానం ఉన్న వేలు రంగు కూడా ఉన్నది ఉన్నట్టు రాయండి. గుణవతి అక్క రోజూ పొద్దున మీ పాదం అడుగు చూస్తానని ఒప్పుకుంది. కవలల తల్లితో కపిట్ వెళ్లినప్పుడు ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. పాముకు చూసినట్టే చూస్తానంది. ఆ వేలు తియ్యాల్సి వస్తే తీయించుకోండి. బేరమాడకండి. నాకు భయంగానే ఉంది, అది మీ దగ్గర దాచను.

గవాయ్ తర్వాత, జూన్ 6న, మూడు వారాల సెలవు ఇచ్చారు. ముందు పోర్ట్ క్లాంగ్‌కు వస్తాను. తర్వాత ఇపో. అమ్మ చూసిన ఆయన్ను కలిసి మాట్లాడతానని చెప్పాను. ఏమవుతుందో తెలియదు. ఏమయినా ఆ సంగతి ముందు మీకే చెప్తానన్నాను కదా, అందుకని ఇప్పుడే చెప్తున్నాను.

మీరు అడిగినదానికి జవాబు. ఆ పేరు రాయించింది నేనే. కపిట్ రేవు నుంచి ఫోన్ చేసినప్పుడు వార్డు నర్సు, బంధువులైతేనే రోగి వివరాలు చెప్తాం, ఫారంలో ఎవరూ లేరు అంది. నా పేరు రాయమన్నాను. బంధుత్వం ఏమని రాయాలని అడిగింది. కోడలు అన్నాను. కొడుకు పేరు అడిగింది, చెప్పాను. రికార్డుల్లో వెతికి, ఆయన చనిపోయినట్టుంది కదా అంది.

"అవును. అయినా కోడలినే" అన్నాను.

ఆమె రాసుకుంది. తర్వాత మీ జ్వరం ఎంత ఉందో, ఏ మందు ఎక్కిస్తున్నారో ఒక్కొక్కటిగా చదివి వినిపించింది.

రేపో మాపో ఆ వేలు కోసం మళ్లీ ఆసుపత్రికి వెళ్తే మళ్లీ ఫారం ఇస్తారు. ఆ గడి మీరే నింపండి. నా పేరులో ‘త’కు ఒత్తు లేదు, మీకు తెలుసు.

మీ కోడలు,
తివ్య